పిప్పి పన్ను కథ: జర్మనీ దేశం నేర్పిన పాఠం



కిందటి నెల మనం వర్ణమాలను ఉచ్చారణ స్థానాలను బట్టి విభజించుకున్నాం. క, ఖ, గ, ఘ కంఠం నుండి పుడతాయి కనుక కంఠ్యాలు. ప, ఫ, బ, భ, మ పెదవుల కలయిక వలన పుడతాయి కనుక ఓష్ఠ్యాలు. త, థ, ద, ధ, న పలికేటప్పుడు నాలుక కొన పై పళ్ల వెనుక భాగాన్ని తాకుతుంది కనుక అవి దంత్యాలు. ‘దంతం’ అనే మాటే దంత్యాక్షరంతో మొదలవుతుందని చెప్పినప్పుడు మీరంతా నవ్వారు. అందరితో పాటు ఒక విద్యార్థి కూడా నవ్వింది. కాని నోటికి చేయి అడ్డం పెట్టుకొని నవ్వింది. పాఠం చదవమంటే తల వంచుకొని, పెదవులు కదిలీ కదలకుండా చదివింది. మరునాటి నుండి మూడు రోజులు బడికి రాలేదు. పంటి నొప్పితో రాత్రంతా నిద్ర లేదని వాళ్ల అమ్మగారు తరువాత చెప్పారు.

ఆ బిడ్డ పేరు ఇక్కడ వ్రాయను. ఆమెది తప్పు కాదు. సిగ్గుపడవలసిన విషయం అంతకన్నా కాదు. ఆ వయస్సులో నాకూ అదే జరిగింది. అందుకే ఈ సంచికలో వ్యాకరణం పక్కన పెట్టి, పళ్లు ఎందుకు పుచ్చిపోతాయో, పుచ్చిపోకుండా ఎలా కాపాడుకోవచ్చో తెలుసుకుందాం. ఈ పాఠం కోసం మనం చాలా దూరం, జర్మనీ దేశం వరకు ప్రయాణం చేయాలి. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది.

పన్ను ఎలా ఉంటుంది?

పన్ను ఒక చిన్న ఇల్లు వంటిది. అన్నిటికన్నా పైన తెల్లగా మెరిసే గట్టి పొర ఉంటుంది. దానిని ఎనామిల్ అంటారు. మన శరీరంలో అన్నిటికన్నా గట్టి పదార్థం ఇదే. దాని కింద డెంటిన్ అనే కొంచెం మెత్తని పొర ఉంటుంది. లోపలి గదిలో రక్తనాళాలు, నరాలు ఉంటాయి. ఎనామిల్‌కు నొప్పి తెలియదు. అందువలన పన్ను పుచ్చడం మొదలైనప్పుడు మనకు ఏమీ తెలియదు. నొప్పి మొదలయ్యే సమయానికి దొంగ వాకిలి దాటి ఇంటి లోపలికి వచ్చేసి ఉంటాడు.

చిన్నపిల్లలకు 20 పాల పళ్లు ఉంటాయి. పెద్దవారికి జ్ఞానదంతాలతో కలిపి 32 పళ్లు. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి గుర్తుంచుకోండి. సుమారు ఆరేళ్ల వయస్సులో, పాల పళ్ల వరుసకు వెనుక, పైన రెండు, కింద రెండు కొత్త దవడ పళ్లు వస్తాయి. ఏ పాల పన్నూ ఊడకుండానే అవి వస్తాయి. కనుక చాలామంది తల్లిదండ్రులు వాటిని కూడా పాల పళ్లే అనుకుంటారు. ‘ఎలాగూ ఊడిపోయేవే కదా’ అని ఊరుకుంటారు. అవి ఊడిపోయేవి కావు. జీవితాంతం ఉండవలసిన పళ్లు. ఒకసారి పోతే మళ్లీ రావు.

నా పదవ ఏట నేను పోగొట్టుకొన్నది అటువంటి దవడ పళ్లనే, రెండింటిని. మా ముత్తాతలు కోరంగి రేవులో ఓడ ఎక్కి మారిషస్‌కు వచ్చి చెరకు తోటలలో పని చేశారు. మా అమ్మ కూడా చెరకు నరికిన చేతులతోనే మమ్మల్ని పెంచింది. తోటలోని ఇళ్ల వరుసలో మాకు బొమ్మలు లేవు, మిఠాయిలు కొనే డబ్బు లేదు. కాని చెరకు ముక్కకు కొదవ లేదు. టీలో చక్కెర, రొట్టెపై చక్కెర, ఏడిస్తే చక్కెర. పన్ను నొప్పి పుడితే అమ్మ లవంగం పెట్టేది. ‘పురుగు పట్టింది, పాల పన్నే, పోతుందిలే’ అనేవారు పొరుగువారు. వారు ప్రేమతోనే అన్నారు. కాని ఆ మాట నిజం కాదు.

పురుగు కాదు, మరేమిటి?

పంటిలో పురుగు చేరి తొలిచేస్తుందనే నమ్మకం మన తెలుగువారిది మాత్రమే కాదు. యూరప్ దేశాలవారు, జర్మనులు కూడా వందల ఏళ్లు అలాగే నమ్మారు. అసలు సంగతి తేల్చిన పరిశోధనలలో గొప్పది జర్మనీ రాజధాని బెర్లిన్ నగరంలో జరిగింది.

విలబీ మిల్లర్ అనే ఆయన 1853లో అమెరికాలో పుట్టి, బెర్లిన్‌కు వచ్చి, అక్కడి విశ్వవిద్యాలయంలో దంతవైద్య ఆచార్యుడయ్యారు. క్షయవ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని 1882లో కనుగొన్న రాబర్ట్ కాక్ కూడా ఆ కాలంలో ఆ నగరంలోనే పని చేసేవారు. కంటికి కనిపించని జీవులు రోగాలు తెస్తాయనే ఆలోచన అప్పుడు కొత్తది. మిల్లర్ ఆ ఆలోచనను పళ్లకు అన్వయించి చూశారు.

ఆయన చేసిన పరీక్షలను మూడు సీసాలుగా ఊహించుకోండి. మూడింటిలోనూ పీకిన పన్ను ఒకటి ఉంది.

మొదటి సీసాలో లాలాజలం, దానితో పాటు రొట్టె లేదా చక్కెర వేశారు. మన శరీరమంత వెచ్చగా ఉంచారు. కొంతకాలానికి పన్ను గట్టిదనం పోయి మెత్తబడింది.

రెండవ సీసాలో లాలాజలం, దానితో మాంసపు కొవ్వు ఉంచారు. పన్ను చెడలేదు.

మూడవ సీసాలో రొట్టె, చక్కెర ఉన్నాయి. కాని లాలాజలాన్ని ముందుగా మరిగించారు. ఈసారి కూడా పన్ను చెడలేదు.

ఇప్పుడు మీరు ఆలోచించండి. మొదటి రెండు సీసాలను పోల్చితే ఏమి తెలుస్తుంది? పన్ను చెడడానికి తీపి గాని పిండి పదార్థం గాని కావాలి. మొదటి, మూడవ సీసాలను పోల్చితే? మరిగిస్తే సూక్ష్మజీవులు చనిపోతాయి. అవి లేకపోతే చక్కెర ఉన్నా పన్ను చెడదు. అంటే చక్కెర ఒక్కటే దోషి కాదు, సూక్ష్మజీవి ఒక్కటే దోషి కాదు. నోటిలో ఉండే సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లాన్ని విడుస్తాయి. ఆ ఆమ్లం ఎనామిల్‌ను కరిగిస్తుంది. మిల్లర్ ఈ సంగతులన్నిటినీ కలిపి 1889లో జర్మన్ భాషలో గ్రంథం వ్రాశారు. మరుసటి సంవత్సరం అది ఆంగ్లంలో వచ్చింది. తరువాత 1924లో లండన్‌లో క్లార్క్ అనే శాస్త్రవేత్త పుచ్చిన పళ్ల నుండి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బ్యాక్టీరియాను వేరుచేశారు. పిప్పి పళ్లకు ముఖ్య కారణాలలో అది ఒకటని నేడు మనకు తెలుసు.

ఈ జీవులు పంటిపై ఎక్కడ నివసిస్తాయి? ప్రొద్దున్న లేవగానే నాలుకతో పళ్లను తడిమితే జిగటగా తగులుతుంది కదా, అదే పాచి. ఆ పాచి నిండా ఉండేవి సూక్ష్మజీవులే. పళ్లు తోముకోవడం అంటే పళ్లను తెల్లగా చేసుకోవడం కాదు, ఈ పాచిని తొలగించడం.

మన చెరకు, వారి దుంప

మారిషస్ బిడ్డలకు చక్కెర అంటే చెరకే గుర్తుకు వస్తుంది. జర్మనీలో చెరకు పండదు, అక్కడ చలి ఎక్కువ. 1747లో బెర్లిన్‌లో మార్‌గ్రాఫ్ అనే రసాయన శాస్త్రవేత్త బీట్ దుంపలో ఉన్నదీ చెరకులో ఉన్నదీ ఒకే చక్కెర అని నిరూపించారు. ఆయన శిష్యుడు ఆకార్డ్ 19వ శతాబ్దం తొలి సంవత్సరాలలో సైలీషియా ప్రాంతంలో మొదటి దుంప చక్కెర కర్మాగారాన్ని నడిపారు. ఆ ఊరు నేడు పోలండ్ దేశంలో ఉంది. ఆ శతాబ్దం ముగిసే నాటికి ప్రపంచంలో తయారయ్యే చక్కెరలో సగానికి పైగా దుంప నుండే వచ్చేది.

అప్పటి వరకు ధనవంతుల ఇళ్లలో మాత్రమే కనిపించిన చక్కెర కూలివాని టీ గిన్నెలోకి కూడా వచ్చింది. దానితో పాటు పిప్పి పళ్లు కూడా వచ్చాయి. చూశారా పిల్లలూ, ఇక్కడ మన పెద్దలు ఎండలో చెరకు నరికిన కాలంలోనే అక్కడి రైతులు చలిలో దుంపలు త్రవ్వేవారు. రెండు దేశాల పిల్లలకూ పన్ను నొప్పి ఒకటే. మన పెద్దలకు చక్కెర అన్నం పెట్టింది. దానిని నేను నిందించను. అన్నం పెట్టిన దానిని కూడా ఎంత తినాలో, ఎప్పుడు తినాలో తెలుసుకోవాలని మాత్రమే చెబుతున్నాను.

ఎంత అన్నది కాదు, ఎన్నిసార్లు అన్నది ముఖ్యం

మనం తీపి తిన్న కొద్ది నిమిషాలకే పాచిలో ఆమ్లం పుడుతుంది. ఆ ఆమ్లపు దెబ్బ సుమారు అరగంట, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువ సేపు ఉంటుంది. ఆ తరువాత లాలాజలం దానిని పలుచబరచి, పంటి నుండి కరిగిపోయిన కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలను తిరిగి పంటికి అందిస్తుంది. లాలాజలం మన ఇంటి మేస్త్రి వంటిది. గోడకు పడిన చిన్న పగుళ్లను రోజూ పూడ్చుతుంది. కాని మేస్త్రికి పని చేసే సమయం కావాలి కదా!

రవికి ఆరు మిఠాయిలు దొరికాయనుకోండి. భోజనం కాగానే ఆరూ ఒకేసారి తిని నీళ్లు త్రాగాడు. వాని పళ్లకు ఒక దెబ్బ తగిలింది. సీతకు కూడా ఆరే దొరికాయి. ఆమె గంటకొకటి చొప్పున ఆరు గంటలు చప్పరించింది. ఆమె పళ్లకు ఆరు దెబ్బలు. తిన్నది సమానమే, నష్టం సమానం కాదు. సీసాలోని తీపి పానీయాన్ని, అలూదాను గుక్క గుక్కగా ఒక పూటంతా త్రాగినా, నెపోలిటేన్‌ను కొరికి కొరికి గంటసేపు తిన్నా ఇదే జరుగుతుంది.

రాత్రి పళ్లు తోముకొన్న తరువాత ఏదైనా తినడం అన్నిటికన్నా చెడ్డది. నిద్రలో లాలాజలం చాలా తగ్గిపోతుంది. అంటే దొంగ వచ్చే వేళకు మేస్త్రీ లేడు, కాపలావాడూ లేడు.

బడిలోకి వచ్చిన దంతవైద్యుడు

కారణం తెలిసినంత మాత్రాన నొప్పి తగ్గదు. వైద్యం అందరికీ అందాలి. వందేళ్ల క్రితం జర్మనీలో కూడా పేదపిల్లలకు దంతవైద్యం అందేది కాదు. స్ట్రాస్‌బర్గ్ నగరంలో ఎర్న్‌స్ట్ యెస్సెన్ అనే దంతవైద్యుడు బడిపిల్లల నోళ్లను పరీక్షించి, చాలామందికి పిప్పి పళ్లు ఉన్నాయని చూసి, ఊరుకోలేకపోయారు. నొప్పితో ఉన్న పిల్లవాడు పాఠం ఎలా వింటాడని అడిగారు. 1902లో ఆ నగరపాలక సంస్థ బడిపిల్లల కోసమే ఒక దంత వైద్యశాలను తెరిచింది. అటువంటి వాటిలో ప్రపంచంలో మొదటిది అదేనని చెబుతారు. స్ట్రాస్‌బర్గ్ అప్పుడు జర్మన్ సామ్రాజ్యంలో ఉండేది, నేడు ఫ్రాన్స్‌లో ఉంది. దానిని చూసి ఇతర నగరాలు, ఇతర దేశాలు కూడా అటువంటి వైద్యశాలలు తెరిచాయి.

మరొక చిన్న కథ. 1895 నవంబరులో జర్మనీలోనే రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నారు. 1896 జనవరిలోనే వాల్కాఫ్ అనే దంతవైద్యుడు తన పళ్లకే ఎక్స్‌రే చిత్రం తీయించుకొన్నారు. ఆ చిత్రం కోసం ఆయన 25 నిమిషాలు కదలకుండా ఉండవలసి వచ్చింది. అంతసేపు కిరణాల ఎదుట ఉండడం ప్రమాదమని అప్పటికి ఎవరికీ తెలియదు. నేడు మీకు దంతవైద్యులు ఎక్స్‌రే తీస్తే క్షణంలో అయిపోతుంది, కిరణాలూ చాలా తక్కువ. దొంగ పంటి లోపల దాగి ఉన్నా ఆ చిత్రంలో దొరికిపోతాడు.

నేటి జర్మనీ

మా చెల్లెలి కుమార్తె ఇప్పుడు జర్మనీలో ఉంటున్నది. ఆమె కుమారుడు ఈ మధ్యనే ఒకటవ తరగతిలో చేరాడు. అక్కడ ఒక ఆచారం ఉంది. బడిలో చేరే మొదటి రోజున పిల్లల చేతికి వారి ఎత్తులో సగం ఉండే రంగుల కాగితపు శంకువును ఇస్తారు. దాని పేరు షూల్‌ట్యూటె. అందులో మిఠాయిలు, పెన్సిళ్లు, బొమ్మలు ఉంటాయి. చదువు తీపిగా మొదలు కావాలని వారి కోరిక. మన అక్షరాభ్యాసం నాడు పలక, బలపం, బెల్లం పెట్టినట్లే కదా! ఈ పిల్లవాని శంకువులో వాళ్ల అమ్మ మిఠాయిలు కొన్ని తగ్గించి ఒక కొత్త పళ్ల కుంచె కూడా పెట్టిందట.

ఆ దేశంలో 1989 నుండి ఒక చట్టం ఉంది. దాని ప్రకారం శిశువిహారాలకూ బడులకూ దంత ఆరోగ్య సిబ్బంది వచ్చి, పిల్లల నోళ్లు పరీక్షించి, పళ్లు తోముకోవడం నేర్పుతారు. కొన్ని చోట్ల పెద్ద పళ్లున్న మొసలి బొమ్మను తెచ్చి, దాని పళ్లు పిల్లల చేతనే తోమిస్తారు. 1991 నుండి ఫ్లోరైడ్ కలిపిన వంట ఉప్పు కూడా అంగళ్లలో దొరుకుతున్నది.

ఫలితం ఏమిటి? పన్నెండేళ్ల పిల్లలను దేశమంతటా పరీక్షించి చూశారు. 1990 ప్రాంతంలో ఒక్కొక్కరికి సగటున దాదాపు 5 శాశ్వత దంతాలు పుచ్చినవో, పూడ్చినవో, పీకినవో ఉండేవి. 2014 నాటికి ఆ సగటు 0.5 మాత్రమే. 1997లో నూటికి 42 మంది పిల్లల పళ్లు మాత్రమే ఏ పుచ్చూ లేకుండా ఉంటే, 2014లో నూటికి 81 మంది పళ్లు అలా ఉన్నాయి. ఒక్క తరం కాలంలో ఇంత మార్పు!

అయితే అక్కడ కూడా పని పూర్తి కాలేదు. 2016లో మూడేళ్ల పసివారిలో నూటికి 14 మందికి అప్పటికే పళ్లు పుచ్చి ఉన్నాయి. పుచ్చిన పళ్లు ఎక్కువగా పేద కుటుంబాల పిల్లలలోనే కనిపిస్తున్నాయి. మంచి వైద్యం ఉన్న దేశంలో కూడా, ఇంటిలో చెప్పేవారు లేకపోతే పిల్లలు నొప్పి పడతారు. ఈ మాటను మనం మరచిపోరాదు.

మనం చేయవలసిన పనులు

జర్మనీ పిల్లలకు నేర్పే క్రమం చాలా సులువైనది. మొదట నమిలే భాగాలు, తరువాత బయటి భాగాలు, చివర లోపలి భాగాలు. ఈ వరుస తప్పకపోతే ఏ పన్నూ మిగిలిపోదు. మీరూ అలాగే చేయండి.

1. ప్రొద్దున ఒకసారి, రాత్రి పడుకొనే ముందు ఒకసారి, రెండు నిమిషాల సేపు తోముకోండి. గట్టిగా రుద్దనవసరం లేదు.

2. ఫ్లోరైడ్ ఉన్న పేస్టును బఠాణీ గింజంత తీసుకోండి. తోముకొన్న తరువాత ఉమ్మివేయండి, మింగకండి.

3. చిట్టచివరి దవడ పళ్ల వెనుకకు కుంచె చేరిందో లేదో చూసుకోండి. మీ చిన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పెద్దవారు తోమిపెట్టాలని ఇంటిలో చెప్పండి.

4. తీపిని భోజనంతో పాటు తినండి. దాహం వేస్తే నీళ్లు త్రాగండి.

5. నొప్పి లేకపోయినా దంతవైద్యుని దగ్గరకు వెళ్లండి. కొత్తగా వచ్చిన దవడ పళ్ల లోతైన గీతలను మూసే పూత వేయించవచ్చునేమో అడగండి.

‘మా తాతగారు వేప పుల్లతోనే తోముకొనేవారు, ఆయన పళ్లు గట్టిగా ఉండేవి కదా’ అని మీలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. నమిలిన వేప పుల్ల కుచ్చులా మారి పాచిని తొలగిస్తుంది. కాని తాతగారు రోజుకు నాలుగు సార్లు తీపి పానీయం త్రాగలేదు. మన ఆహారం మారింది కనుక మన జాగ్రత్త కూడా మారాలి.

ఫ్లోరైడ్ గురించి కూడా ఒక మాట. కొద్దిగా ఉంటే అది పంటికి బలం. ఎక్కువైతే అదే హాని. తెలంగాణలోని నల్లగొండ జిల్లాలో భూగర్భ జలంలో సహజంగానే ఫ్లోరైడ్ అధికంగా ఉండడం వలన, ఆ నీటిని ఏళ్ల తరబడి త్రాగిన ఎన్నో గ్రామాల ప్రజల పళ్లపై గోధుమ రంగు మచ్చలు పడ్డాయి, చాలామంది ఎముకలు వంగిపోయాయి. అందుకే పేస్టు బఠాణీ గింజంత అన్నాను, మింగవద్దన్నాను. ఏ మందుకైనా కొలత ఉంటుంది.

ముగింపు

‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని మన పెద్దల మాట. రాత్రి పళ్లు తోముకొనే అలవాటు ఇప్పుడు రాకపోతే తరువాత రావడం కష్టం.

నోటికి చేయి అడ్డం పెట్టుకొని నవ్విన ఆ బిడ్డ ఇప్పుడు దంతవైద్యుని వద్ద చికిత్స పొందుతున్నది. ఆ దవడ పన్నును పీకలేదు, పూడ్చి నిలబెట్టారు. నాకు జరగనిది ఆమెకు జరిగింది. అందుకు నాకు ఎంత సంతోషమో మాటలలో చెప్పలేను. మీలో ఎవరికైనా పన్ను నొప్పిగా ఉంటే దాచుకోకండి. ఇంటిలో చెప్పండి, లేదా నాకు చెప్పండి. వచ్చే వారం మళ్లీ త, థ, ద, ధ, న పలుకుదాం. అప్పుడు ఎవరూ నోటికి చేయి అడ్డం పెట్టుకోకూడదు.

కొత్త మాటలు

దంత్యాలు – నాలుక పళ్లను తాకగా పుట్టే అక్షరాలు
పాచి – పళ్లపై చేరే జిగట పొర
లాలాజలం – నోటిలో ఊరే నీరు
ఆమ్లం – పులుపు గుణం గల, కరిగించే పదార్థం
శాశ్వత దంతాలు – పాల పళ్ల తరువాత వచ్చి, మళ్లీ రాని పళ్లు

అభ్యాసం

1. మిల్లర్ పరీక్షలలో మూడవ సీసాలోని పన్ను ఎందుకు చెడలేదు? కారణం వ్రాయండి.
2. రవి, సీత సమానంగా మిఠాయి తిన్నా సీత పళ్లకు ఎక్కువ నష్టం ఎందుకు కలిగింది?
3. ఆరేళ్ల వయస్సులో వచ్చే దవడ పళ్లను పెద్దలు పాల పళ్లని ఎందుకు పొరబడతారు?
4. ఈ పాఠంలో దంత్యాక్షరంతో మొదలయ్యే పది మాటలు వెతికి వ్రాయండి. వాటిని అద్దం ముందు నిలబడి పైకి చదవండి.
5. ఒక రోజంతా మీరు తీపి ఎన్నిసార్లు తిన్నారో లెక్క వ్రాసి, మరునాడు అందులో రెండు సార్లు తగ్గించి చూడండి.